కీమో ఇవ్వలేదంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టు కాదండి

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని, హిందూపురం నుంచి బెంగళూరు తీసుకొస్తే డాక్టర్ కీమో లేకుండా పాల్బోసిక్లిబ్, లెట్రోజోల్ మాత్రలు రాశారని, అంటే ఇక ఆశ వదులుకోమనా అని అడిగారు. ముందు ఆ భయం తీసేయండి. 2021లో మా అమ్మకూ ఇవే రాశారు. "నాలుగో స్టేజీకి మాత్రలేంటి, ఇంకో పెద్ద డాక్టర్ దగ్గరికి పోదాం పదండి" అని మా మామయ్య ఒకటే పట్టు. రెండు రాత్రులు ఎవరం నిద్రపోలేదు. నేను డాక్టర్‌ని కాను, అప్పటి నుంచి అమ్మ ఫైలు పట్టుకుని తిరుగుతున్న కూతుర్ని. నాకు అర్థమైంది చెప్తాను.

ఈ జబ్బులో మందును ఎంచేది ఒక్క స్టేజీని చూసి కాదు, కణం ఏ రకమో చూసి. బయాప్సీ రిపోర్టులో ఐహెచ్‌సీ (ముక్కకి రంగు వేసి కణం రకం తేల్చే పరీక్ష) అని ఒక భాగం ఉంటుంది. అందులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు పేర్లు చూడండి. ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్లను కణంలో పట్టుకునేవి, హెర్2 అంటే కణాన్ని పెరగనిచ్చే ఒక ప్రొటీన్. ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ అయితే ఆ కణాలు ఈస్ట్రోజెన్ మీద బతుకుతున్నాయన్నమాట. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారవకుండా చూస్తుంది, పాల్బోసిక్లిబ్ కణం రెండుగా చీలకుండా అడ్డుపడుతుంది. 2016లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో లెట్రోజోల్ ఒక్కటే వాడినవాళ్లకు జబ్బు సగటున 14.5 నెలలు అదుపులో ఉంటే, రెండూ కలిపి వాడినవాళ్లకు 24.8 నెలలు ఉంది. ఇదే కోవలో రైబోసిక్లిబ్, అబెమాసిక్లిబ్ అనేవీ ఉన్నాయి. ఈ రకానికి మొదట ఇచ్చే మంచి వైద్యమే ఇది. కాలేయమో ఊపిరితిత్తులో బాగా దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ముందు కీమో అంటారు. ముట్లు ఆగనివాళ్లకైతే లెట్రోజోల్ ఒక్కటే పనిచేయదు, అండాశయాలను ఆపే ఇంజెక్షన్ కూడా కావాలి.

పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. లెట్రోజోల్ మాత్రం రోజూ ఆపకుండా వేసుకోవాలి. ఇది కలగాపులగం కాకుండా వంటింట్లో తిథుల క్యాలెండర్ మీద అమ్మ పాల్బోసిక్లిబ్ వేసుకున్న రోజు పసుపు బొట్టు పెట్టేది. ఖాళీ గళ్లు వచ్చే వారం రక్తపరీక్ష. మూడో నెలలో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు) 900కి పడిపోయాయి. డాక్టర్ ఒక వారం ఆపి, మళ్లీ చూసి, 125 మిల్లీగ్రాముల నుంచి 100కి తగ్గించారు. మోతాదు తగ్గిస్తే మందు పనిచేయదేమోనని అమ్మ చాలా టెన్షన్ పడింది. చాలామందికి ఇలా తగ్గించాల్సి వస్తుందని, కంగారు పడొద్దని ఆవిడకి నచ్చజెప్పారు. జ్వరం వస్తే మాత్రం ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి, తెల్లారనిద్దాం అనుకోవద్దు. ఇంకో మాట, ద్రాక్షపండు కాదు, గ్రేప్‌ఫ్రూట్ అని ఉంటుంది, అది ఈ మందుతో పడదు. దాని జాతిదే కాబట్టి మన పంపరపనస కూడా వద్దన్నారు మా డాక్టర్. దేవనహళ్లి వైపు వెళ్తే చక్కోత పేరుతో అమ్మేది అదే.

ఎముకలు బలహీనపడి విరగకుండా జోలెండ్రోనిక్ యాసిడ్ అనే మందు సెలైన్‌లో ఎక్కిస్తారు. మొదలుపెట్టే ముందే పళ్ల డాక్టర్‌కి చూపించండి. ఆ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. అమ్మకి పుచ్చిన పళ్లు రెండు ముందే తీయించాం.

మాకు జరిగిన పొరపాటు చెప్తాను, మీకు జరగకూడదని. మొదట చూపించిన ఆస్పత్రి రిపోర్టులో హెర్2 పక్కన 2+ అని ఉంది. 0, 1+ అంటే నెగటివ్, 3+ అంటే పాజిటివ్. 2+ అంటే తేలలేదని, ఫిష్ అనే పరీక్ష చేయాలని అక్కడ ఎవరూ మాకు చెప్పలేదు. మూడు వారాలు ఊరికే పోయాయి. చివరికి ఫిష్‌లో నెగటివ్ వచ్చింది కాబట్టి సరిపోయింది. పాజిటివ్ అయ్యుంటే మందే మారిపోయేది.

డే కేర్‌లో అమ్మ పక్క మంచం మీద మదనపల్లె ఆవిడ ఉండేది. ఆమెదీ ఎముకలకు పాకిన రొమ్ము క్యాన్సరే, కానీ హెర్2 పాజిటివ్. ఆమెకి హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్ ఇంజెక్షన్లు, వాటితో పాటు కొన్ని నెలలు కీమో. మూడు నెలలకోసారి గుండెకి ఎకో. ట్రాస్టుజుమాబ్‌కి బెంగళూరు కంపెనీ బయోకాన్ 2014లోనే బయోసిమిలర్ (అసలు మందులాగే పనిచేసేలా వేరే కంపెనీ తయారుచేసేది) తెచ్చింది, తర్వాత వేరే కంపెనీలవీ వచ్చాయి. మూడూ నెగటివ్ అయితే దారి వేరు: పీడీ-ఎల్1 (గడ్డ మీద ఉండే ఒక ప్రొటీన్), బీఆర్‌సీఏ (వంశపారంపర్యంగా రాగల జన్యు లోపం) పరీక్షలు చేసి, కీమోతో ఇమ్యునోథెరపీయో (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందు), ఒలాపరిబ్ లాంటి మాత్రలో చూస్తారు.

ఖర్చు గురించి కూడా అడిగారు. పాల్బోసిక్లిబ్ పేటెంట్ 2023 జనవరిలో మన దేశంలో ముగిసింది. జనరిక్ మందులు వచ్చాక మా నెల బిల్లు బాగా దిగింది. ఏ కంపెనీది తీసుకోవచ్చో డాక్టర్‌నే అడగండి, మొహమాటపడొద్దు. మీ ఆరోగ్య కార్డు బెంగళూరులో ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో అడ్మిషన్‌కి ముందే కనుక్కోండి.

సోమవారం చూపించడానికి వెళ్తున్నామన్నారు కదా. అమ్మగారికి ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో పాత మైనపు బ్లాక్ (గడ్డ ముక్కను మైనంలో దాచి ఉంచింది, దాని మీద మళ్లీ పరీక్ష చేయొచ్చు) ఉందేమో ఈ రెండు రోజుల్లో ఫోన్ చేసి అడగండి. ఇప్పుడు ఎముక నుంచి ముక్క తీశారా, పాత రిపోర్టు చూసే మందు రాశారా అన్నది కూడా తెలుసుకోండి. పాకిన చోట కణం రకం మారే అవకాశం ఉంది. రిపోర్టులో ఆ మూడు పేర్ల పక్కన ఏముందో ఇక్కడ రాయండి, మా ఫైలు ముందు పెట్టుకుని నాకు తెలిసినంత వరకు చెప్తాను.