పాఠకుల ప్రశ్నలు: 'ఎంటర్' ఉంది సరే, 'ఎగ్జిట్' ఏది?

ప్రశ్న: మాది ఎరువులు, పురుగుమందుల హోల్‌సేల్ కొట్టు. నాలుగు కంప్యూటర్లలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. డేటా అంతా వెనక గదిలో ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంటుంది. సాయంత్రం రష్‌లో ఉన్నట్టుండి బిల్లు స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఐదు నిమిషాలకో పది నిమిషాలకో దానంతటదే కదులుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు నెట్‌వర్క్ అంటారు, నెట్‌వర్క్ కుర్రాడు సాఫ్ట్‌వేర్ అంటాడు. ఎవరో చెబితే ఓడీబీసీ ట్రేస్ (ప్రోగ్రామ్‌కీ డేటాబేస్‌కీ మధ్య నడిచే మాటలన్నీ ఫైల్లో రాసుకునే లాగ్) ఆన్ చేశాను. 340 ఎంబీ ఫైలు తయారైంది. 'ఎర్రర్' అని వెతికితే వందల్లో వస్తున్నాయి. అది చూసి ఇంకా టెన్షన్ పట్టుకుంది. దీన్ని ఎక్కడి నుంచి చదవాలి సార్? స్క్రీన్ బిగుసుకున్నప్పుడే రెండు కంప్యూటర్లలో కాపీ చేసిన లాగ్‌ల చివరి ముక్కలు దీంతో పంపుతున్నాను.
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ ట్రేస్ ఆపారా? ఆపకపోతే ఈ పేజీ పక్కన పెట్టి, ఆపేసి రండి. ట్రేస్ నడుస్తున్నంతసేపూ ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది, ఫైలు ఊరుతూనే ఉంటుంది. ఒకసారి ఒక క్లయింట్ దగ్గర ట్రేస్ ఆన్ చేసి, ఆఖరి బస్సు తప్పిపోతుందన్న కంగారులో అలాగే వదిలేసి ఇంటికొచ్చేశాను. తెల్లారేసరికి సి డ్రైవ్ నిండిపోయింది, బిల్లింగ్ మొత్తం ఆగిపోయింది. వాళ్ల అసలు సమస్య నెలకోసారి వచ్చేది. నేను తెచ్చిపెట్టింది మాత్రం పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చింది.

ఇక ఆ వందల ఎర్రర్ల సంగతి. వాటిలో చాలావరకు ఎర్రర్లే కావు. పాతకాలం ప్రోగ్రాములు ఏ పని చేసినా, ఆ వెంటనే 'ఎస్‌క్యూఎల్ ఎర్రర్' అనే ఫంక్షన్‌ని పిలిచి "ఏమైనా చెప్పాల్సింది ఉందా?" అని డ్రైవర్‌ని (ప్రోగ్రామ్ మాటని డేటాబేస్‌కి చేరవేసే మధ్యవర్తిని) అడుగుతాయి. ఏమీ లేకపోతే 100 అనే కోడ్ వస్తుంది. 'చెప్పడానికేమీ లేదు' అని దానర్థం. మీరు వెతికిన మాట ఆ ఫంక్షన్ పేరులోనే ఉంది కాబట్టి పిలిచిన ప్రతిసారీ కనిపిస్తుంది. అలాగే కనెక్ట్ అయిన ప్రతిసారీ 01000 అనే కోడ్‌తో 5701, 5703 నంబర్ల సందేశాలు కనిపిస్తాయి. డేటాబేస్ ఫలానాదానికి మార్చాను, భాష ఫలానాదానికి మార్చాను అని సర్వర్ ఇచ్చే కబుర్లు అవి. వాటిని చూసి ఎవరూ నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

లాగ్‌లో ప్రతి పిలుపూ రెండుసార్లు పడుతుంది. ప్రోగ్రామ్ డ్రైవర్‌ని అడిగినప్పుడు 'ఎంటర్', డ్రైవర్ జవాబిచ్చినప్పుడు 'ఎగ్జిట్'. లైను మొదట్లో ప్రోగ్రామ్ పేరు, దాని పక్కన ప్రాసెస్ నంబరు, థ్రెడ్ నంబరు ఉంటాయి. ఎగ్జిట్ లైనులో రిటర్న్ కోడ్ ఉంటుంది. 0 అయితే పని అయింది. 1 అయితే అయింది గానీ ఒక మాట చెప్పాలి. -1 అయితే కాలేదు. -1 వచ్చినచోట కింద 'డయాగ్' అనే లైనులో ఐదక్షరాల కోడ్ ఉంటుంది. దాని మొదటి రెండు అక్షరాలు చూస్తే ఏ జాతి జబ్బో తెలిసిపోతుంది. 08 అయితే కనెక్షన్ గొడవ, 28 అయితే లాగిన్, 22 అయితే డేటా, 23 అయితే డూప్లికేట్ కీ లాంటి నిబంధన, 42 అయితే రాసిన క్వెరీలో (డేటాబేస్‌కి పంపే ఆదేశంలో) తప్పో పర్మిషన్ లేకపోవడమో.

మీ కేసులో ఇవేవీ అక్కరకు రావు. ఎందుకంటే మీ ప్రోగ్రామ్‌కి ఎర్రర్ రావడం లేదు, అసలు జవాబే రావడం లేదు. కాబట్టి వెతకాల్సింది జోడీ లేని ఎంటర్ కోసం. ఒక చిక్కుంది. విండోస్ ఓడీబీసీ ట్రేస్‌లో టైము ఉండదు. 6 గంటల 40 నిమిషాలకు ఏం జరిగిందో ఫైలుని అడిగితే చెప్పదు. అందుకే స్క్రీన్ బిగుసుకున్న క్షణంలోనే లాగ్ ఫైలుని పక్కకి కాపీ చేసుకోవాలి. మీరు చేసింది అదే, అదృష్టం. కాపీలో ఆఖరి లైనే ప్రోగ్రామ్ ఆగిన చోటు.

మీ మూడో కంప్యూటర్ లాగ్ ఇలా ముగిసింది:

బిల్లింగ్ 1840-2270 ఎంటర్ ఎస్‌క్యూఎల్ ఎగ్జెక్‌డైరెక్ట్
"అప్‌డేట్ స్టాక్ సెట్ నిల్వ = నిల్వ - 5 వేర్ ఐటెమ్ = 1107"

అంతే. దాని ఎగ్జిట్ లేదు. నెట్‌వర్క్ తెగిపోయి ఉంటే సాధారణంగా కాసేపటికి -1, దాని కింద 08తో మొదలయ్యే కోడ్ పడి ఉండేది. ఇక్కడ ప్రశ్న వెళ్లింది, సర్వర్ జవాబివ్వకుండా కూర్చుంది. మరి ప్రోగ్రామ్ విసిగి వదిలేయదా అంటే, వదిలేయదు. ఓడీబీసీలో క్వెరీ టైమ్‌అవుట్ మనం పెట్టకపోతే 0 ఉంటుంది. 0 అంటే ఎంతసేపైనా ఎదురుచూడమని.

ఎవరి కోసం ఎదురుచూస్తోందో మీ రెండో కంప్యూటర్ లాగ్‌లో దొరికింది. అందులో ప్రోగ్రామ్ ముందు 102 నంబరు సెట్టింగ్‌ని 0 చేసింది. ఆటోకమిట్, అంటే ప్రతి మార్పునీ వెంటనే ఖాయం చేసెయ్యడం, ఆపడం అది. తర్వాత అదే ఐటెమ్ 1107 మీద అప్‌డేట్, ఎగ్జిట్ కోడ్ 0. ఆ తర్వాత 'ఎస్‌క్యూఎల్ ఎండ్‌ట్రాన్' రావాలి, అంటే కమిట్, చేసిన మార్పుని ఖాయం చేయడం. అది రాలేదు. మీ కాపీ అక్కడితో అయిపోయింది. ఈ కంప్యూటర్ ఆ సరుకు వరుసకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని కూర్చుంది. మూడో కంప్యూటర్ తలుపు దగ్గర నిలబడి ఉంది.

కమిట్ ఎందుకు ఆలస్యమైందో లాగ్ చెప్పదు. మీరే ఈసారి బిగుసుకోగానే రెండో కౌంటర్ దగ్గరికి వెళ్లి స్క్రీన్ మీద ఏముందో చూడండి. నా అనుమానం ఏమిటంటే, "బిల్లు ప్రింట్ తీయాలా? అవును / కాదు" అనే పెట్టె ఒకటి తెరిచి ఉంటుంది, కౌంటర్ కుర్రాడు రైతుతో బేరంలోనో టీ దగ్గరో ఉంటాడు. కొందరు ప్రోగ్రామర్లు ఆ పెట్టె తర్వాత కమిట్ పెడతారు. అలాంటివి ఇప్పటికి మూడు చోట్ల చూశాను. సర్వర్ దగ్గర కూర్చునే మనిషి ఉంటే, ఆ క్షణంలోనే 'ఎస్‌పీ హూ2' అనే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆదేశం నడిపి 'బ్లాక్ బై' కాలమ్ చూడమనండి. ఎవరిని ఎవరు ఆపుతున్నారో నంబర్లతో సహా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి 340 ఎంబీ పంపకండి, ఎవరూ చదవరు. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, "కమిట్ అయ్యాకే ప్రింట్ అడగండి" అని ఒక్క వాక్యం రాయండి.

ప్రశ్న: ఎక్సెల్ నుంచి మా ఆఫీసు డేటాబేస్‌కి కలపడానికి డీఎస్ఎన్ (డేటాబేస్ ఎక్కడుందో, ఏ డ్రైవర్ వాడాలో ఒక పేరు కింద దాచే సెట్టింగ్) తయారుచేశాను. టెస్ట్ చేస్తే కనెక్ట్ అవుతోంది. ఎక్సెల్‌లో మాత్రం ఐఎం002, డేటా సోర్స్ పేరు దొరకలేదు అంటోంది. స్పెల్లింగ్ పదిసార్లు చూశాను.
– కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: స్పెల్లింగ్ బాగానే ఉండి ఉంటుందమ్మా. మీ ఎక్సెల్ 32 బిట్‌దా, 64 బిట్‌దా? 64 బిట్ విండోస్‌లో ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్లు (డీఎస్ఎన్‌లు తయారుచేసే ప్రోగ్రాములు) రెండుంటాయి. ఒకదానిలో పెట్టిన సిస్టమ్ డీఎస్ఎన్ (ఆ కంప్యూటర్ వాడే అందరికీ పనికొచ్చేది) రెండో రకం ప్రోగ్రామ్‌కి కనిపించదు. ఇందులో అసలు వింత, 'సిస్టమ్32' ఫోల్డర్‌లో ఉండేది 64 బిట్‌ది, 'సిస్‌వావ్64' ఫోల్డర్‌లో ఉండేది 32 బిట్‌ది. పేరు చూసి వెళ్తే ప్రతిసారీ తప్పు తలుపే తడతాం. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కితే ఎన్ని బిట్లో పై లైనులోనే ఉంటుంది. దానికి సరిపోయే దాంట్లో మళ్లీ డీఎస్ఎన్ చేయండి. యూజర్ డీఎస్ఎన్ (ఒక్క యూజర్‌కే పనికొచ్చేది) అయితే రెండింటిలోనూ కనిపిస్తుంది గానీ, డ్రైవర్ రకం కుదరకపోతే ఐఎం014 వస్తుంది. అప్పుడు సరైన రకం డ్రైవర్ వేసుకోవాల్సిందే.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ సపోర్ట్ అబ్బాయి ట్రేస్ ఫైలు వాట్సాప్‌లో పెట్టమంటున్నాడు. పెట్టొచ్చా?
– ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: పెట్టే ముందు మీ ఖాతాదారుల్లో ఒకరి ఫోన్ నంబరు ఆ ఫైల్లో వెతికి చూడండి. క్వెరీలు ఉన్నవి ఉన్నట్టు అందులో పడతాయి. పేర్లు, నంబర్లు, బాకీలు క్వెరీలో రాసి ఉంటే అవీ పడతాయి. పాస్‌వర్డ్ చోట చాలాసార్లు చుక్కలే ఉంటాయి గానీ, నమ్మకం పెట్టుకోకుండా దాన్నీ వెతకండి. ఆగిన చోట ముందూ వెనకా వంద లైన్లు కత్తిరించి పంపితే చాలు.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయం సభ్యుల జాబితా కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నాం. తెలుగులో టైప్ చేసి సేవ్ చేస్తే పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతున్నాయి. విచిత్రం ఏమిటంటే 'రామయ్య' మూడక్షరాలే, ప్రశ్నార్థకాలు మాత్రం ఆరు. ట్రేస్‌లో ఏం చూడాలి?
– పాలకొల్లు దగ్గర నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు లెక్కపెట్టడమే సగం పని చేసింది. కంప్యూటర్‌కి రామయ్య ఆరు గుర్తులు: ర, దీర్ఘం, మ, య, పొల్లు, మళ్లీ య. ఒక్కో గుర్తుకీ ఒక్కో ప్రశ్నార్థకం వచ్చిందంటే, యూనికోడ్‌గా (అన్ని భాషల అక్షరాలకీ చోటున్న పద్ధతిలో) బయల్దేరిన పేరు దారిలో ఎక్కడో పాత కోడ్ పేజీలోకి (కొన్ని భాషల అక్షరాలే ఉండే పట్టికలోకి) మారింది. ఆ పేజీల్లో తెలుగుకి చోటు లేదు. ఒక్కో గుర్తుకీ మూడేసి పిచ్చి గుర్తులు వచ్చి ఉంటే అది యూటీఎఫ్-8ని (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతిని) తప్పుగా చదవడం, వేరే జబ్బు.

ట్రేస్‌లో 'ఎస్‌క్యూఎల్ బైండ్‌పారామీటర్' దగ్గర ఆగండి. పేరు వెళ్లే పారామీటర్‌కి (క్వెరీలో విలువ కూర్చునే ఖాళీకి) -8, -9 అనే నంబర్లు ఉంటే యూనికోడ్‌గానే వెళ్తోంది. 1, 12 ఉంటే అక్కడే కొంప మునిగింది. అసలు బైండ్‌పారామీటరే లేకుండా పేరు నేరుగా ఇన్సర్ట్ వాక్యంలో ఉంటే, కోట్ గుర్తుకి ముందు పెద్ద 'ఎన్' అక్షరం ఉందేమో చూడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది లేకపోతే ఇదే జరుగుతుంది. ఇవన్నీ సరిగా ఉన్నా రాకపోతే టేబుల్‌లో ఆ కాలమ్ వార్‌ఛార్ (యూనికోడ్ కాని రకం) అయి ఉంటుంది, ఎన్‌వార్‌ఛార్ (యూనికోడ్ రకం) చేయించండి.

ఇప్పటికే ప్రశ్నార్థకాలైన పేర్లు మాత్రం ఏ సెట్టింగ్ మార్చినా తిరిగి రావు. డేటాబేస్‌లో నిజంగానే ప్రశ్నార్థకాలు రాసి ఉన్నాయి, వాటి వెనక రామయ్య లేడు. పాత సభ్యత్వ రిజిస్టర్ ఎవరూ పాత కాగితాల కింద అమ్మేయలేదు కదా?