ఆటిక్ ఇన్సులేషన్: ఏది కొనాలన్నది తర్వాత, ముందు పైకెక్కి చూడండి

డాలస్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు ఎండాకాలం రాగానే అడిగే సందేహం ఇది: "మేడమీద గదులు కాలిపోతున్నాయండీ, ఏసీ ఆగకుండా తిరుగుతోంది. ఆటిక్‌లో ఫోమ్ కొట్టించమంటారా, ఫైబర్‌గ్లాస్ వేయించమంటారా?" ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఆ గదిలోనే పడుకుంటున్నారంటే తొందర మరీ ఎక్కువగా ఉంటుంది. ఆటిక్ అంటే పైకప్పుకూ గది సీలింగుకూ మధ్య ఉండే ఖాళీ, ఇన్సులేషన్ అంటే వేడిని ఆపడానికి అక్కడ వేసే పొర. అయినా సరే, ఎవరికీ డబ్బు కట్టకముందు ఒక్కసారి మీరే పైకెక్కి చూడండి.

మధ్యాహ్నం మాత్రం వద్దు. టెక్సస్ ఎండలో ఆటిక్ 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే. తెల్లవారుజామున, ఎన్-95 మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఎక్కండి. కాలు జాయిస్టుల మీదే, అంటే సీలింగును మోసే చెక్క దూలాల మీదే పెట్టాలి. మధ్యలో ఉన్నది షీట్‌రాక్ అనే పలుచని సీలింగు పలక, మీ బరువు ఆగదు. ఇన్సులేషన్ జాయిస్టుల అంచు దాకానో, ఇంకా కిందకో ఉంటే అది సరిపోదన్నట్టే లెక్క.

ఎంత కావాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత ఆర్-వాల్యూ, అంకె పెరిగేకొద్దీ మంచిది. పాతది మూడు నాలుగు అంగుళాలు ఉన్న ఆటిక్‌ను డాలస్, హ్యూస్టన్‌లలో ఆర్-38కి, షికాగో, బోస్టన్‌లలో ఆర్-49కి పెంచమని అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ చెబుతుంది. అసలేమీ లేకపోతే ఇక్కడ ఆర్-49, అక్కడ ఆర్-60. యంత్రంతో ఊదే ఫైబర్‌గ్లాస్ (గాజు పీచు) అంగుళానికి సుమారు ఆర్-2.5 ఇస్తుంది, సెల్యులోజ్ సుమారు 3.5. అంటే ఆర్-49 కోసం మొదటిది ఇరవై అంగుళాల దాకా, రెండోది పద్నాలుగు అంగుళాలు.

ఈ రెండింటిలో ఏది వేసినా మంచిదే. సెల్యులోజ్ అంటే మంట అంటుకోకుండా బోరేట్ అనే ఉప్పు కలిపిన పాత న్యూస్‌పేపర్ పొడి. గాలిని బాగా అడ్డుకుంటుంది, కానీ బరువెక్కువ, కొన్నాళ్ళకు కొంత కుంగుతుంది. ఫైబర్‌గ్లాస్ తేలిక. పాతది తడిసిపోయి, ఎలుకలు పాడుచేసి ఉంటే తప్ప తీయించక్కర్లేదు, దానిమీదే ఊదించవచ్చు. చుట్టలుగా వచ్చే బ్యాట్లు పరిస్తే మాత్రం కాగితం అంటించినవి పాతదాని మీద వేయకండి, మధ్యలో చెమ్మ చిక్కుకుంటుంది.

ఇక ఫోమ్. ఖర్చు చాలా ఎక్కువ. మీ ఏసీ యూనిటూ, గదులకు గాలి తీసుకెళ్ళే గొట్టాలైన డక్టులూ ఆటిక్‌లోనే ఉంటే (టెక్సస్‌లో తరచూ అలాగే ఉంటాయి) కప్పు లోపలివైపు ఫోమ్ కొట్టించి ఆటిక్ మొత్తాన్ని మూసేయడంలో అర్థం ఉంది. అప్పుడు ఆటిక్‌కు గాలాడే కిటికీల్లాంటి వెంట్లు కూడా మూసేయాలి. పైన గ్యాస్ ఫర్నేస్ (చలికాలంలో ఇల్లు వేడిచేసే యంత్రం) ఉంటే అది బయటి గాలి తీసుకునే రకమేనా కాదా అన్నది తేల్చకుండా పని మొదలుపెట్టనివ్వకండి. లేకపోతే దాని విషవాయువు ఇంట్లోకి రావచ్చు, ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. డక్టులు పైన లేని ఇంటికి ఫోమ్ అవసరమని నేననుకోను.

అన్నిటికంటే ముఖ్యం కన్నాలు మూయడం. లైట్ల చుట్టూ, పైపులూ వైర్లూ పైకి వచ్చేచోట, మడత నిచ్చెన తలుపు అంచుల్లో గాలి కారుతూనే ఉంటుంది. వాటిని వదిలేసి పైన ఎంత పోసినా, బొంత కప్పుకుని కిటికీ తెరిచిపెట్టుకున్నట్టే. ఒకసారి ఇన్సులేషన్ పోశాక ఆ కన్నాలు దొరకవు కాబట్టి ఈ పని ముందే జరగాలి. ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ మాత్రం మామూలు ఫోమ్ వద్దు, రేకూ మంటకు ఆగే సీలెంటూ వాడాలి. చూరు కింది వెంట్లు పూడిపోకుండా బ్యాఫిల్స్ అనే అడ్డుపలకలు పెట్టించండి. బాత్‌రూమ్ ఫ్యాను, పోపుల ఆవిరి లాగే వంటింటి ఫ్యాను గొట్టాలు ఆటిక్‌లోనే ఆగిపోయాయేమో చూడండి. చలి రాష్ట్రాల్లో ఆ తేమ కప్పు చెక్కకు పట్టి బూజు పుట్టిస్తుంది.

సూట్‌కేసులూ బొమ్మల కొలువు పెట్టెలూ ఇన్సులేషన్ మీద పెట్టేయకండి. అణిగిపోతే దాని బలం తగ్గుతుంది.

న్యూజెర్సీ, షికాగోల్లో పాత ఇల్లు కొన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆటిక్‌లో బూడిదరంగులో మెరిసే గులకల్లాంటివి కనిపిస్తే ముట్టుకోకుండా కిందికి దిగిపోండి. అది వర్మిక్యులైట్ అనే ఖనిజం కావచ్చు, ఒకప్పుడు ఇన్సులేషన్‌గా పోసేవారు. మోంటానాలోని లిబ్బీ గని 1990లో మూతపడేదాకా అక్కడి వర్మిక్యులైట్ దేశమంతా వెళ్ళింది, దాంట్లో ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన ఆస్బెస్టాస్ ఉండేది. తీయాలంటే ఆ పనికి లైసెన్సున్నవాళ్ళే తీయాలి.

ఫెడరల్ పన్ను రాయితీ వస్తుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. 2025 డిసెంబర్ 31 తర్వాత వేయించినదానికి అది లేదు. కరెంటు, గ్యాస్ కంపెనీల రిబేట్లు కొన్నిచోట్ల ఉన్నాయి. మసాచుసెట్స్‌లో ఉన్నవాళ్ళు పని ఒప్పుకునేముందు అక్కడి కరెంటు, గ్యాస్ కంపెనీలు నడిపే మాస్ సేవ్ పథకాన్ని తప్పక అడగండి.

కొటేషన్‌లో "ఆటిక్ ఇన్సులేషన్" అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోకండి. ఏ రకం, ఎన్ని సంచులు, ఎన్ని అంగుళాలు, ఎంత ఆర్-వాల్యూ, ఎన్ని చదరపు అడుగులు, కన్నాలు మూయడం అందులో ఉందా లేదా అన్నీ రాసివ్వమనండి. పని అయ్యాక అంగుళాల గుర్తులున్న స్కేళ్ళు అక్కడక్కడా గుచ్చి ఉన్నాయో లేదో పైకెక్కి చూసి, ఆ తర్వాతే చెక్కు ఇవ్వండి.