గోడలోకి పోయే వైరు దగ్గర పొదుపు చేయకండి

బేస్‌మెంట్ గోడలు మూసేలోపు వైఫై థర్మోస్టాట్‌కు ఏ కేబుల్ వేయించాలి, కాంట్రాక్టర్ చెప్పిన ఐదు తీగలది చాలునా అని అడిగారు. జవాబు ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఇంటి వేడినీ చల్లదనాన్నీ నియంత్రించే థర్మోస్టాట్ నుంచి, ఇంటిని వేడి చేసే ఫర్నేస్ దాకా 18 గేజీ మందం ఉన్న, ఎనిమిది తీగల, అచ్చమైన రాగి కేబుల్ వేయించండి. దుకాణాల్లో దానిని 18/8 అంటారు. ఐదు తీగల 18/5 చాలునని మీ కాంట్రాక్టర్ చెప్పినది అబద్ధం కాదు, ఇప్పుడున్న ఫర్నేస్‌కూ ఏసీకీ అది చాలు. కాని ఫర్నేస్ పాడైతే ఫర్నేస్ మారుతుంది, థర్మోస్టాట్ నచ్చకపోతే థర్మోస్టాట్ మారుతుంది, గోడలో ఉన్న కేబుల్ మాత్రం సాధారణంగా డ్రైవాల్, అంటే గోడకు బిగించిన జిప్సం పలక, కోయకుండా మారదు. కోసిన చోట అతుకు, పూత, రంగు, వాటన్నిటికీ మనిషి కూలి కలిపి చూస్తే, రెండు కేబుళ్ళ ధరల మధ్య తేడా అందులో లెక్కకు కూడా రాదు. అమెరికాలో వస్తువు చవక, దాని మీద మనిషి చేయి పడితే ఖరీదు. కొత్తగా వచ్చినవారు ఈ లెక్కను తలకిందులుగా వేసుకుంటారు, నేనూ మొదట్లో అలాగే వేసుకుని డబ్బు పోగొట్టుకున్నాను కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఈ వైరు చేసే పనేమిటో తెలుసుకోండి. ఇక్కడి సెంట్రల్ పద్ధతిలో ఫర్నేస్ ఒకచోట, ఏసీ బయటి యూనిట్ మరోచోట, థర్మోస్టాట్ హాల్లో గోడ మీద ఉంటాయి. ఈ మూడింటినీ కలిపేది 24 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు. ఫర్నేస్‌లో ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి 120 వోల్టులను 24కు దించుతుంది. సాధారణంగా దాని శక్తి 40 వోల్ట్ ఆంపియర్లు, అంటే మొత్తం మీద ఒకటిన్నర ఆంపియర్లకు కొంచెం ఎక్కువ. థర్మోస్టాట్ నిజానికి కొన్ని స్విచ్చుల పెట్టె మాత్రమే. ఆర్ అనే తీగ మీద వచ్చిన కరెంటును వేడి కావాలంటే డబ్ల్యూకి, చల్లదనం కావాలంటే వైకి, ఫ్యాను తిరగాలంటే జీకి కలుపుతుంది. సీ అనేది కామన్, ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరుగు దారి. పాత థర్మోస్టాట్లకు ఆ తిరుగు దారితో పని లేదు కనుక పాత ఇళ్ళలో చాలాచోట్ల దానిని కలపలేదు. వైఫై థర్మోస్టాట్‌కు మాత్రం తెర వెలగడానికీ రేడియో పనిచేయడానికీ ఎప్పుడూ కరెంటు కావాలి. సీ లేని చోట కొన్ని రకాలు మిగతా తీగల నుంచి కొంచెం కొంచెంగా కరెంటు లాక్కుని నడుస్తాయి, కాని కొన్ని ఫర్నేస్‌లతో అది కుదరదు, బ్యాటరీ దిగిపోయి చలికాలం రాత్రి థర్మోస్టాట్ ఆరిపోతుంది.

మీలాగే నేను కూడా యాప్‌లో ఏమేమి కనిపిస్తాయో చదివి థర్మోస్టాట్ కొన్నాను కాని, గోడ వెనక ఏముందో చూడలేదు. పాత థర్మోస్టాట్‌కు నాలుగే తీగలు కలిపి ఉన్నాయి. సీ తీగ లేదని నిర్ణయించుకుని, కొత్త కేబుల్ లాగడానికి మనిషిని పిలిచాను. ఆయన అటక మీదికి ఎక్కి, దిగి, గోడలో పాత కేబుల్‌ను మేకులతో బిగించేశారని, దానికి కట్టి కొత్తది లాగడం కుదరదని చెప్పి, గోడను రెండు చోట్ల కోసి పని ముగించారు. పాత కేబుల్‌ను కత్తిరించి తీసినప్పుడు చూస్తే, వాడకుండా వదిలేసిన నీలం తీగ దాని తొడుగు మీదికే మడిచి చుట్టి ఉంది. రెండు కొసల్లోనూ, ఇక్కడ థర్మోస్టాట్ వెనకా అక్కడ ఫర్నేస్ బోర్డు దగ్గరా, ఆ తీగ చివర ఒలిచి సీ టెర్మినల్‌కు కలిపి ఉంటే పైసా ఖర్చు లేకుండా పని అయిపోయేది. అందువల్ల మీరు ఏ కేబుల్ కొనాలో అడగకముందే, బ్రేకర్ ఆపి, థర్మోస్టాట్ ముందు భాగం తీసి, గోడ రంధ్రంలోంచి కేబుల్‌ను కొంచెం బయటకు లాగి, మడిచిపెట్టిన తీగలు ఉన్నాయేమో చూడండి. ఒక్క తీగ మిగిలి ఉన్నా మీకు కొత్త కేబుల్ అవసరం లేదు, అప్పుడు నేను పైన చెప్పిన 18/8 మాట కూడా పక్కన పెట్టేయవచ్చు.

నిజంగానే కొత్తది వేయాల్సి వస్తే, మందం విషయంలో రాజీ పడకండి. ఇక్కడి గేజీ లెక్కలో అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. మనకు అలవాటైన చదరపు మిల్లీమీటర్లలో చెప్పాలంటే 18 గేజీ దాదాపు 0.82. బేస్‌మెంట్ పని చేయించినప్పుడు ఇంటర్నెట్ కోసం కొన్న కేబుల్ చుట్ట మిగిలిపోయింది, ఎనిమిది తీగలు ఉన్నాయి కదా, 24 వోల్టులే కదా అని దానినే థర్మోస్టాట్‌కు వేశాను. అది 24 గేజీ. వసంతకాలమంతా బాగానే నడిచింది. ఎండలు ముదిరాక, మధ్యాహ్నం వేళ బయటి యూనిట్‌లో కాంటాక్టర్, అంటే 24 వోల్టుల అయస్కాంతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, గడగడలాడుతూ పట్టుకునేది కాదు. పిలిచిన టెక్నీషియన్ కాంటాక్టర్ మార్చి బిల్లు ఇచ్చి వెళ్ళారు, కొద్ది రోజులకే మళ్ళీ అదే శబ్దం. చివరికి నేనే మీటర్ కొనుక్కుని, కొలిచి, లెక్క వేసి కారణం కనుక్కున్నాను. 24 గేజీ రాగి తీగకు వెయ్యి అడుగులకు దాదాపు 26 ఓమ్‌ల నిరోధం, 18 గేజీకి ఆరున్నర లోపే. థర్మోస్టాట్ 60 అడుగుల దూరంలో ఉంటే కరెంటు పోయి రావడానికి 120 అడుగులు. కాంటాక్టర్ లాక్కునే క్షణంలో ఒక ఆంపియర్ ప్రవహించినా సన్న తీగలో మూడు వోల్టులు దారిలోనే పోతాయి, 18 గేజీలో ఒక వోల్టు కూడా పోదు. వేసవి మధ్యాహ్నం ఊరంతా ఏసీలు నడిచి లైన్ వోల్టేజీయే తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేదీ తగ్గుతుంది, దాని మీద ఈ మూడు వోల్టుల నష్టం తోడైతే కాంటాక్టర్ అయస్కాంతానికి బలం చాలదు. కాంటాక్టర్‌కూ టెక్నీషియన్‌కూ పెట్టిన డబ్బుతో మంచి కేబుల్ చుట్టలు ఎన్ని వచ్చేవో ఇప్పటికీ నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

ఇదే కారణంతో, రాగి పూత పూసిన అల్యూమినియం తీగను చవకగా ఇస్తున్నారని కొనకండి. పైకి రాగిలాగే కనిపిస్తుంది, నిరోధం ఎక్కువ, ఒలిచేటప్పుడు గాటు పడితే విరుగుతుంది. తొడుగు మీదనో వివరాల్లోనో సాలిడ్ కాపర్ అని ఉన్నదే తీసుకోండి. సన్న పోగులు మెలిపెట్టిన రకం కంటే ఒంటి తీగ రకం థర్మోస్టాట్ టెర్మినళ్ళలో శుభ్రంగా కూర్చుంటుంది.

తీగల సంఖ్య విషయానికి వస్తే, సాధారణ ఫర్నేస్‌కూ ఏసీకీ ఆర్, సీ, డబ్ల్యూ, వై, జీ అని ఐదు చాలు. రేపు రెండు అంచెల (తక్కువ, ఎక్కువ అని రెండు స్థాయిల్లో నడిచే) ఫర్నేస్, రెండు అంచెల ఏసీ పెట్టించుకుంటే ఏడు కావాలి. వేసవిలో ఏసీలా చల్లబరిచి, చలికాలంలో దిశ మార్చుకుని వేడి ఇచ్చే హీట్ పంపు పెట్టించుకుంటే దిశ మార్చే వాల్వ్‌కు ఒకటి, అదనపు వేడికి ఒకటి, రెండో అంచెకు ఒకటి చొప్పున అదీ ఏడుకు చేరుతుంది. అందుకే ఎనిమిది అంటున్నాను. ఆ మిగిలే ఒక్క తీగ ఎలుక కొరికిన తీగకు బదులుగానైనా పనికొస్తుంది. నీళ్ళ బాయిలర్ మాత్రమే ఉన్న ఇంటికి పాత పద్ధతిలో రెండు తీగలే వేస్తారు, అక్కడా కనీసం ఐదు వేయించమని నా సలహా.

రంగులను నమ్మవద్దు. ఎరుపు ఆర్‌కు, నీలం సీకి అన్నది అలవాటే తప్ప చట్టం కాదు, వేసినవారి చేతిలో ఏ తీగ మిగిలితే దానిని కలిపిన ఇళ్ళు ఎన్నో చూశాను. తీగ ఏ అక్షరం కింద ఉందో రెండు కొసల్లోనూ ఫొటో తీసుకుని, ఆ తరువాతే విప్పండి. అక్షరాల్లోనూ ఒక చిక్కు ఉంది: బీ అనేది చాలాచోట్ల హీట్ పంపు వాల్వ్‌కు పోతుంది, కొన్ని హీట్ పంపుల్లో మాత్రం బీయే కామన్. దానిని వాల్వ్ తీగ అనుకుని కొత్త థర్మోస్టాట్‌లో కలిపితే ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ అవుతుంది.

షార్ట్ అంటే ఖర్చు. బ్రేకర్ ఆపకుండా తీగలు విప్పుతూ ఆర్‌ను సీకి ఒక్కసారి తగిలించాను, ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఫర్నేస్ చచ్చిపోయిందని భయపడి వారాంతపు అత్యవసర రేటు ఇచ్చి మనిషిని రప్పిస్తే, ఆయన బోర్డు మీద ఉన్న చిన్న ఊదారంగు ఫ్యూజు తీసి మరొకటి గుచ్చి వెళ్ళారు. కారుల్లో వాడే 3 ఆంపియర్ల ఫ్యూజే అది, కొన్ని బోర్డుల్లో 5 ఆంపియర్లది ఉంటుంది. మీ బోర్డు మీద ఏ అంకె ఉందో చూసి, ఆ ఫ్యూజులు కొన్ని తెచ్చి ఫర్నేస్ పక్కనే పెట్టుకోండి. ఫ్యూజు లేని పాత ఫర్నేస్‌లలో అదే పొరపాటుకు ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది.

ఇంటి లోపలి కేబుల్ మీద సీఎల్2 (తక్కువ వోల్టేజీ కేబుళ్ళకు ఇచ్చే తరగతి) అనో అంతకంటే పై తరగతి అనో ముద్ర ఉండాలి, గాలి తిరిగే ఖాళీల్లోంచి పోతే సీఎల్2పీ కావాలి. జాతీయ ఎలక్ట్రికల్ కోడ్‌లో వివరాలున్నాయి, మీ ఊరి బిల్డింగ్ ఆఫీసు అదనంగా ఏమి అడుగుతుందో ఒకసారి కనుక్కోండి. బయటి యూనిట్‌కు పోయే ముక్క ఎండకు తట్టుకునే తొడుగు ఉన్నదై ఉండాలి. మామూలు తొడుగు కొన్నేళ్ళకు పగిలిపోతుంది, గడ్డి కోసే యంత్రం తీగ తగిలితే ముందే తెగుతుంది. దానిని గొట్టంలో పెట్టించండి, కాని యూనిట్‌కు 240 వోల్టులు తీసుకెళ్ళే గొట్టంలోనే కలిపి పంపనివ్వకండి. ఒకే గొట్టమైతే ఖర్చు కలిసివస్తుందని అడిగే కాంట్రాక్టర్లు ఉన్నారు, కోడ్ దానిని ఒప్పుకోదు.

ఒక్క హెచ్చరిక మాత్రం డబ్బుకు సంబంధించినది కాదు. థర్మోస్టాట్ తీస్తే లోపల సన్న రంగు తీగలకు బదులు రెండో నాలుగో లావాటి తీగలు, మూతలతో బిగించినవి కనిపిస్తే, లేదా దాని మీద 120 అనో 240 అనో వోల్టేజీ రాసి ఉంటే, మీ ఇంట్లో గోడ అడుగున ఉండే విద్యుత్ హీటర్లు ఉన్నాయన్నమాట. ఆ తీగలకు 24 వోల్టుల థర్మోస్టాట్ తగిలిస్తే నిప్పు అంటుకోవచ్చు. అక్కడ నేను చెప్పిన ఏ కేబులూ వర్తించదు. మన దగ్గరి స్ప్లిట్ ఏసీ లాంటి మినీ స్ప్లిట్ లోపలి, బయటి యూనిట్ల మధ్య వైరింగుకూ అంతే, దానికి చాలావరకు 14 గేజీ పవర్ కేబుల్ కావాలి, ఆ కంపెనీ పుస్తకం చూసే వేయించండి.

మా ఇప్పటి ఇంట్లో కంట్రోల్ వైరింగంతా నేనే వేసుకున్నాను, సిటీ ఇన్‌స్పెక్టర్ ఒక్క అభ్యంతరం చెప్పకుండా సంతకం పెట్టారు. మీకు అంత ఓపిక అక్కర్లేదు. మీ బేస్‌మెంట్ గోడలు ఇంకా తెరిచే ఉన్నాయి కనుక, కాంట్రాక్టర్ కొటేషన్‌లో "థర్మోస్టాట్ వైర్" అని వదిలేయకుండా "18/8, సాలిడ్ కాపర్, సీఎల్2" అని రాయించుకోండి, కేబుల్ మీరే కొని ఇస్తానని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. రెండు కొసల్లోనూ అడుగున్నర కేబుల్ అదనంగా వదిలి, మిగిలిన తీగలను కత్తిరించకుండా తొడుగు మీదికి చుట్టమని చెప్పండి. డ్రైవాల్ మూసేలోపు ఆ కొసలు మీరే స్వయంగా చూసుకుని, అప్పుడే ఆ పనికి చెక్కు రాయండి.