మామిడిపండును అరటిపండుతో ఎలా గుణించాలి?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. స్థిత్యంతర ధర్మం, సహచర ధర్మం, విభాగ న్యాయం – లెక్కల నియమాల్లో ఏది అడిగినా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తుంది. లెక్క దగ్గరికొచ్చేసరికి 3ఎక్స్ + 4 అంటే 7ఎక్స్ అని రాస్తుంది. 8 − (ఎక్స్ − 3) ఇస్తే 8 − ఎక్స్ − 3 అంటుంది. ఎక్స్ అంటే మామిడిపండు, వై అంటే అరటిపండు, రెండూ కలవవు అని చెప్పి చూశాను. మర్నాడు 3ఎక్స్‌ని 4వైతో గుణించే లెక్క వచ్చింది. 'మామిడిపండును అరటిపండుతో ఎలా గుణించాలమ్మా?' అంది. నాకు నోట మాట రాలేదు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: తప్పు పిల్లది కాదమ్మా, పళ్ళది. నేనూ చాలా ఏళ్ళు ఆ పళ్ళతోనే పాఠం నెట్టుకొచ్చాను, ఇలాంటి పిల్లే ఒకతె నిలదీసేదాకా. ఎక్స్ అంటే పండు కాదు, ఒక సంఖ్య. పండు ధర అనుకోమనండి. మూడు పళ్ళు కొని సంచికి 4 రూపాయలు ఇచ్చాం: 3ఎక్స్ + 4. పండు 20 రూపాయలైతే 64 అవుతుంది. 7ఎక్స్ అయితే 140! సంచి కొన్నందుకు ఇంకో నాలుగు పళ్ళ డబ్బు ఎవరిస్తారు?

గుణకారానికి గచ్చు చూపించండి. ఎక్స్ అడుగుల పొడవు, వై అడుగుల వెడల్పు ఉన్న బండలను పొడవున 3, వెడల్పున 4 వచ్చేలా పరిస్తే మొత్తం 12 బండలు. వైశాల్యం 12ఎక్స్‌వై. పళ్ళ గొడవే లేదు.

ఇక ధర్మాలు. పేరు చివర చెప్పండి, ముందు పని చేయించండి. 98 రూపాయల నోట్‌బుక్కులు ఆరు ఎంతవుతాయని కాగితం లేకుండా అడగండి. ఆరు వందల్లోంచి 12 తీసేసి 588 అంటుంది. 6 × (100 − 2) = 600 − 12, అదే విభాగ న్యాయం. 3ఎక్స్ + 5ఎక్స్ = (3 + 5)ఎక్స్ = 8ఎక్స్ కూడా అదే. 'సజాతి పదాలనే (3ఎక్స్, 5ఎక్స్ లాంటి ఒకే అక్షరమున్న వాటినే) కలపాలి' అని పిల్లలు బట్టీపట్టే నియమం పుట్టింది ఇక్కడే. ఈ సంగతి చెప్పకుండా రెండింటినీ వేరు వేరు పాఠాలుగా చెప్పేస్తున్నాం.

బ్రాకెట్ ముందు మైనస్‌కి కిరాణా కొట్టు చాలు. చేతిలో 500. సరుకులు 80, కొట్టాయన 15 తగ్గించాడు. 500 − (80 − 15). ముందు 80 ఇచ్చేస్తే ఆ 15 మన చేతికి తిరిగొస్తుంది కదా: 500 − 80 + 15, మిగిలింది 435. మీ అమ్మాయి పద్ధతిలో అయితే 405. తగ్గించిన 15 కూడా మనమే కట్టినట్టు! అందుకే 8 − (ఎక్స్ − 3) అంటే 8 − ఎక్స్ + 3, అంటే 11 − ఎక్స్.

పదాలను అటూ ఇటూ మార్చేటప్పుడు ఎడమ పక్కనున్న గుర్తును కూడా వెంట తీసుకెళ్ళాలి. 9 − 4ఎక్స్ + 2 లో పిల్లలు 4ఎక్స్‌ని జరిపి మైనస్‌ని అక్కడే వదిలేస్తారు. మైనస్ 4ఎక్స్ మొత్తానికి పెన్సిల్‌తో సున్నా చుట్టించండి. తర్వాత జరిపితే 9 + 2 − 4ఎక్స్, అంటే 11 − 4ఎక్స్.

జవాబు వచ్చాక ఎక్స్‌కి ఏదో ఒక సంఖ్య వేసి సరిచూసే అలవాటు చేయండి. ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటుంది. ఒకసారి బోర్డు మీద 3ఎక్స్ + 4 = 7ఎక్స్ తప్పని నిరూపిద్దామని ఎక్స్‌కి 1 వేశాను. ఎడమ 7, కుడి 7. క్లాసంతా చప్పట్లు! 1 ఒక్కటే కాదు, 0, 2 కూడా నమ్మదగ్గవి కావు. ఎక్స్ స్క్వేర్, 2ఎక్స్ ఒకటేనన్నా 0, 2 రెండూ తలాడిస్తాయి. 5 వేయించండి. 8 − (5 − 3) అంటే 6. మీ అమ్మాయి జవాబులో వేస్తే 0 వస్తుంది. మీరు ఎర్ర ఇంకుతో కొట్టేయక్కర్లేదు, తనే కొట్టేసుకుంటుంది.