మ్యూజియం బాధ్యత కొత్తగా చేతికొస్తే ముందు తెరవాల్సింది రిజిస్టరు

"మ్యూజియం నిర్వహణలోకి కొత్తగా వచ్చాను, సేకరణ విషయంలో నైతిక బాధ్యత అంటే రోజువారీ పనిలో ఏం చేయాలి?" అని అడిగారు. అంతర్జాతీయ మ్యూజియంల మండలి (ఐకామ్) నియమావళి చదవండి, తప్పదు. కానీ పని మొదలవ్వాల్సింది రిజిస్టరు దగ్గర. ఏ వస్తువు ఎవరిచ్చారో, ఇప్పుడు ఏ అరలో ఉందో రాసి లేకపోతే మిగతా నియమాలేవీ అమలు కావు. 2023లో బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 2000 వస్తువులు పోవడమో, దెబ్బతినడమో జరిగిందని బయటపడింది. వాటిలో చాలావరకు పూర్తిగా నమోదు కాని చిన్న చిన్న చెక్కుడు రత్నాలు, నగలు. రాసిపెట్టని వస్తువు పోతే, పోయిందని నిరూపించడమే కష్టం.

తనిఖీ రెండు వైపుల నుంచీ చేయండి. రిజిస్టరులో కొన్ని ఎంట్రీలు తీసుకుని వస్తువు వెతకండి. తర్వాత అరలోంచి కొన్ని వస్తువులు తీసి ఎంట్రీ వెతకండి. మొదటిది మాత్రమే చేస్తే నంబరు లేని వస్తువులు ఎప్పటికీ బయటపడవు. అలాంటివి దొరికితే తాత్కాలిక నంబరు ఇవ్వండి, "మనదే" అని మాత్రం రాసేయకండి. ఎప్పుడో ప్రదర్శనకు అరువు తెచ్చి తిరిగివ్వనిదై ఉండొచ్చు. పాత లోన్ ఫైళ్లు, ఉత్తరాలు చూశాకే తేల్చాలి. పాత ఎంట్రీ తప్పైతే చెరపకండి: ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయండి. ఆ తప్పు కూడా ఆ వస్తువు చరిత్రలో భాగమే.

నంబరు నేరుగా వస్తువు మీద రాయకూడదు. రాయి, లోహం, కుండల మీద కనపడని చోట పారలాయిడ్ బి-72 (పారదర్శకమైన యాక్రిలిక్ రెసిన్) పూత వేసి, ఆరాక పిగ్మెంట్ ఇంకుతో రాసి, పైన మరో పూత వేస్తారు. అవసరమైతే అసిటోన్‌తో తుడిచేయొచ్చు. ప్లాస్టిక్ మీద ఈ పద్ధతి వద్దు, అసిటోన్ దాన్ని కరిగిస్తుంది. బట్టకైతే నంబరు రాసిన నూలు టేపు కుట్టండి. కాగితం వెనక మెత్తటి పెన్సిల్ చాలు.

కొత్త వస్తువు తీసుకునేటప్పుడు అది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో అడగాలి. సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను అడ్డుకునే 1970 యునెస్కో ఒప్పందాన్ని చాలా మ్యూజియంలు గీతగా పెట్టుకున్నాయి: అంతకుముందే మూలదేశం దాటిందనో, తర్వాత చట్టబద్ధంగా వచ్చిందనో ఆధారం ఉండాలి. "పాత యూరోపియన్ సేకరణ నుంచి" అన్న ఒక్క వాక్యం ఆధారం కాదు. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో దాదాపు 50 లక్షల అమెరికన్ డాలర్లకు కొన్న నటరాజ విగ్రహానికీ కాగితాలున్నాయి, అవి దొంగవి. విగ్రహం తమిళనాడులోని శ్రీపురందాన్ గుడి నుంచి దొంగిలించింది కావడంతో 2014లో తిరిగిచ్చేశారు. అందుకే కాగితాన్ని కాగితంతో కాకుండా పాత ఫొటోలతో, పోయిన వస్తువుల జాబితాలతో పోల్చి చూడండి.

దాతలకు "శాశ్వతంగా ప్రదర్శనలో ఉంచుతాం" అని మాటివ్వకండి. బట్టలు, నీటిరంగు చిత్రాలు 50 లక్స్ (వెలుతురు కొలమానం) అంత మసక వెలుతురులో కూడా నెమ్మదిగా వెలిసిపోతాయి, మధ్యమధ్య చీకట్లో విశ్రాంతి ఇవ్వాల్సిందే. మాట నిలబెట్టుకుంటే వస్తువు పోతుంది, వస్తువును కాపాడితే మాట పోతుంది.

సేకరణలోంచి వస్తువు తీసేయాల్సి వస్తే కారణం రాతపూర్వకంగా ఉండాలి, నిర్ణయం ఒక్కరిది కాకూడదు. ముందు వేరే మ్యూజియంలకు ఇవ్వజూపాలి. సిబ్బంది, పాలకవర్గం, వారి బంధువులు కొనకూడదు. వచ్చిన డబ్బు సేకరణకే వాడాలి. జీతాలకో, పైకప్పు మరమ్మతుకో ఒక్కసారి వాడితే చాలు, ఆ తర్వాత ప్రతి లోటు బడ్జెట్‌లోనూ కళ్లు స్టోర్ రూము మీదే పడతాయి.

మానవ అవశేషాలు, పూజా వస్తువుల విషయంలో ఆ సమాజం వారితో ముందుగా మాట్లాడాలి, లేబుల్ రాశాక కాదు. అలాంటి వస్తువులను వారికి తిరిగిచ్చేటప్పుడు చాలామంది మర్చిపోయేది విషం. పూర్వం పురుగు పట్టకుండా ఈకలు, తోలు, చెక్క వస్తువులకు ఆర్సెనిక్, పాదరసం లవణాలు పూసేవారు. అద్దాల వెనక ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. తిరిగి వెళ్లాక వాటిని ముఖానికి పెట్టుకుంటారు, పిల్లలు తాకుతారు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్ష (ఎక్స్-కిరణాలతో వస్తువులో ఏ మూలకాలున్నాయో చూసేది) చేయించి, ఫలితం వారికి అర్థమయ్యే భాషలో చెప్పి, ఆ తర్వాతే అప్పగించండి.