రిపోర్టులో ‘జన్యువులు కలిశాయి’ అని రాశారు... నాకు బర్డ్ ఫ్లూ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 38. కోళ్ల ఫారంలో సూపర్‌వైజర్‌ని. మా షెడ్లలోని రెట్టలు, నీళ్ల తొట్లు, దుమ్ము నుంచి తీసిన శాంపిళ్లలో హెచ్9ఎన్2 అనే ఒక రకం బర్డ్ ఫ్లూ వైరస్ ఉందని తేలింది. కోళ్లు బాగానే ఉన్నాయి. జన్యు విశ్లేషణ రిపోర్టులో మాత్రం ‘లో పాథోజెనిక్’ అని, ‘వేర్వేరు వైరస్‌ల జన్యువులు కలిసి ఉన్నాయి’ అని రాశారు. నాకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది, టెన్షన్‌గా ఉంది. టెస్టు చేయించుకోవాలా?

జవాబు: ఆ రిపోర్టు మీ షెడ్డుది. మీకు వైరస్ సోకిందో లేదో అందులో తెలియదు. పైగా వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు చచ్చిన వైరస్ తునకలు చాలు, పాజిటివ్ వస్తుంది. వైరస్ బతికే ఉందో లేదో తెలియాలంటే పొదిగే గుడ్లలోనో, కణాల్లోనో పెంచి చూడాలి.

ఇక మిమ్మల్ని భయపెట్టిన ఆ మాట. ఈ వైరస్ జన్యు పదార్థం 8 ముక్కలుగా ఉంటుంది. ఒకే కోడికి రెండు రకాలు ఒకేసారి సోకితే ఆ ముక్కలు పేకముక్కల్లా కలిసి కొత్త రకం పుడుతుంది. హెచ్9ఎన్2లో ఇది తరచూ కనిపించేదే. అలాగని తేలిగ్గా తీసేయలేం. 2013లో చైనాలో మనుషులకు సోకిన హెచ్7ఎన్9 వైరస్‌లోని 6 ముక్కలు హెచ్9ఎన్2 నుంచి వచ్చినవే.

‘లో పాథోజెనిక్’ అన్న మాట చూసి మరీ ధీమా పడొద్దు. జబ్బు తీవ్రత తక్కువని దానర్థం, కానీ అది కోళ్లకు వేసిన కొలత. ఈ రకం వైరస్ కోడి ఊపిరితిత్తుల్లో, పేగుల్లో పెరుగుతుంది తప్ప ఒళ్లంతా పాకదు. మొదట్లో హెచ్7ఎన్9 కూడా లో పాథోజెనిక్కే, కోళ్లు మామూలుగా తిరిగేవి. మనుషుల్లో మాత్రం 1,500 మందికి పైగా సోకి, 600 మందికి పైగా చనిపోయారు. హెచ్9ఎన్2 అలాంటిది కాదు. మనుషులకు సోకడమే అరుదు, సోకినా ఎక్కువగా జలుబు, జ్వరంతో తగ్గిపోతుంది.

రిపోర్టు నా చేతికొస్తే ముందు రెండు చోట్లు చూస్తాను. వైరస్ కణాలకు అంటుకోవడానికి వాడే హెచ్ఏ ప్రొటీన్‌లో 226వ స్థానం: అక్కడ మార్పు ఉంటే మనిషి గొంతు కణాలకు అంటుకోవడం సులువవుతుంది. వైరస్ తన కాపీలు చేసుకోవడానికి వాడే పీబీ2 ప్రొటీన్‌లో 627వ స్థానం: అక్కడి మార్పు క్షీరదాల్లో పెరగడానికి తోడ్పడుతుంది. మొదటిది హెచ్9ఎన్2లో చాలాచోట్ల కనిపిస్తుంది కాబట్టి, అదొక్కటే ఉందని కంగారు పడక్కర్లేదు.

లక్షణాలు లేనప్పుడు మామూలుగా టెస్టు అవసరం పడదు. ఆరోగ్య శాఖ వాళ్లు శాంపిల్ అడిగితే ఇవ్వండి. ఆ షెడ్లలోకి చివరిసారి వెళ్లినప్పటి నుంచి 10 రోజులు జ్వరం, దగ్గు, గొంతు నొప్పి, ఆయాసం, కళ్లు ఎర్రబడటం గమనించుకోండి. వీటిలో ఏది వచ్చినా విడిగా ఉండి, ముందు ఫోన్ చేసి, మాస్కుతో డాక్టర్ దగ్గరకు వెళ్లండి. కోళ్ల ఫారంలో పనిచేస్తున్నానని మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. మామూలు ఫ్లూ కిట్‌లో ఏ రకమో తెలియదు. ఫ్లూ మందు ఒసెల్టమివిర్‌ను లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, కానీ సొంతంగా వేసుకోకండి.

షెడ్డులో ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ఎండు రెట్టలను పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిపి తీయించండి. ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. అది బర్డ్ ఫ్లూను ఆపదు కానీ, రెండు వైరస్‌లు మీలో ఒకేసారి చేరే అవకాశాన్ని తగ్గిస్తుంది. పాప విషయానికొస్తే, హెచ్9ఎన్2 మనిషి నుంచి మనిషికి వ్యాపిస్తున్న దాఖలాలు లేవు. మీ బూట్లు, బట్టలే చూసుకోవాలి. వాటిని ఫారంలోనే వదిలి, స్నానం చేసి ఇంటికి వెళ్లండి.