మా వాడి సినిమాలో నేను క్యారియర్లు కట్టే మనిషినట!

ప్రశ్న: మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. 1997లో మా ఆయన ఉద్యోగం మీద డల్లాస్ వెళ్ళి పాతికేళ్ళు అక్కడే ఉన్నాం. అత్తగారిని చూసుకోవడానికి మూడేళ్ళ కిందట తిరిగొచ్చేశాం. అబ్బాయి అక్కడే పుట్టాడు, ఇప్పుడు 27 ఏళ్ళు. మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి సినిమా తీస్తానంటున్నాడు, అదీ పాటలూ ఫైట్లూ ఉండే సినిమా కాదు, చిన్న సినిమా. తిరుచానూరు దారిలో ఉన్న మా స్థలం అమ్మి 40 లక్షలు ఇమ్మంటాడు. వాళ్ళ నాన్న నాలుగు నెలలుగా వాడితో మాట్లాడటం లేదు. ఇంకోటి, కథ మా ఇంటి కథేనట. 2001లో మా ఆయన్ని కన్సల్టెన్సీ వాళ్ళు ప్రాజెక్టు లేదని జీతం లేకుండా బెంచ్ మీద (ఖాళీగా) కూర్చోబెట్టినప్పుడు నేను ఎనిమిది నెలలు బ్యాచిలర్ పిల్లలకు వండి డబ్బాలు కట్టాను. ఆ సంగతి మా ఆడబిడ్డలకు ఈ రోజుకీ తెలియదు. మొన్న ఫోన్ చేసి, అమ్మా ఆ డబ్బాల మూతలు ఏ రంగువి అని అడిగాడు. ఫోన్ పెట్టేశాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని ఇక్కడ బాగా తగ్గించి వేశాను, ఏమనుకోవద్దు. అసలు దాంట్లో మూడు పేజీలు వాడి ఉద్యోగం, స్థలం, పెళ్ళి సంబంధాలు. డబ్బాల సంగతి చివర్లో, అదీ వేరే పెన్నుతో, నాలుగు వాక్యాలు. నాకైతే ఆ నాలుగు వాక్యాలు రాయడానికే మీరు కూర్చున్నారని, ధైర్యం వచ్చేదాకా మూడు పేజీలు పట్టిందని అనిపించింది.

దాని దగ్గరికి వస్తాను. ముందు మీ ఆయన సంగతి. హెచ్1బీ, అంటే అమెరికా ఉద్యోగ వీసా మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే జీతం ఒక్కటే పోదు, ఆ దేశంలో ఉండటమే ప్రశ్న అయిపోతుంది. ఇప్పుడంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల వరకు గడువు ఇస్తున్నారు, అది 2017లో వచ్చిన రూలు. 2001లో అదీ లేదు. అట్లాంటి టెన్షన్‌లో, గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా మేనేజర్‌కి ఎదురు చెప్పకుండా ఏళ్ళు గడిపిన మనిషికి, కన్నకొడుకు తనంతట తాను రాజీనామా ఇచ్చి నవ్వుతూ వచ్చి చెబితే ఎట్లా ఉంటుంది? వాడేమో అక్కడ పుట్టిన పౌరుడు. ఉద్యోగం లేదని వాణ్ణి ఎవరూ విమానం ఎక్కించరు. ఒకే ఇంట్లో పెరిగినా ఇద్దరి భయాలు ఒకటి కావు, ఆ మాట ఇద్దరిలో ఎవరూ నోరు తెరిచి చెప్పుకున్నట్టు లేదు.

మీ ఆయన అడగాల్సింది మాత్రం ఒకటుంది, ఆరోగ్య బీమా. అక్కడ తల్లిదండ్రుల పాలసీ మీద పిల్లలు ఉండగలిగేది 26 నిండేదాకే. ఉద్యోగంతో వచ్చిన బీమా ఉద్యోగంతోనే పోతుంది. "సినిమా వద్దు" అనడం మానేసి "బీమా ఏం చేసినావురా" అని అడగమనండి, నాలుగు నెలల తర్వాత మాట కలపడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు.

ఇక వాడి దారి గురించి. లీ ఐజాక్ చుంగ్ అని ఒక దర్శకుడున్నాడు, మీ వాడికి తప్పకుండా తెలిసే ఉంటుంది. కొరియా నుంచి అమెరికా వలస వెళ్ళిన కుటుంబం, ఆర్కన్సాలో పొలం చేసుకుని బతికారు. యేల్‌లో జీవశాస్త్రం చదివి డాక్టర్ కావాల్సిన కుర్రాడు చివరి ఏడాదిలో సినిమా వైపు తిరిగాడు. ఆ తల్లిదండ్రులు ఎట్లా ఉండి ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. రువాండా వెళ్ళి తక్కువ ఖర్చుతో తీసిన మొదటి సినిమా 2007లో కేన్స్ చిత్రోత్సవం దాకా వెళ్ళింది. మన పిల్లలు ఇక్కడిదాకా చదివి ఆపేస్తారు. ఆ తర్వాత తీసినవి పెద్దగా ఎవరూ చూడలేదు. పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, ఇక సినిమాలు చాలించి పాఠాలు చెప్పుకుందామనే దాకా వచ్చాడు. అప్పుడు కూర్చుని చిన్నప్పటి జ్ఞాపకాలు ఒక్కొక్కటే రాసుకుంటే 80 అయినాయట. అందులోంచి వచ్చిందే 'మినారి'. మినారి అంటే నీళ్ళ ఒడ్డున పెరిగే ఆకుకూర, మన పొన్నగంటాకు లాంటిదనుకోండి, సినిమాలో అవ్వ కొరియా నుంచి విత్తనాలు తెచ్చి వాగు పక్కన చల్లుతుంది. 2020లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి, మరుసటి ఏడు ఆస్కార్‌లో ఆరు నామినేషన్లు, అవ్వ వేషం వేసినావిడకు అవార్డు. మొదటి సినిమాకూ దీనికీ మధ్య 13 ఏళ్ళు. వాణ్ణి అడగాల్సిన ప్రశ్న అదే: ఆ మధ్యలో ఏం తిని బతుకుతావు? జవాబు ఉంటే, అది పార్ట్ టైం కోడింగ్ అయినా సరే, వాడు ఆలోచించే దిగినట్టు.

డబ్బు గురించి నా మాట సూటిగా చెబుతాను. స్థలం అమ్మొద్దు. హామీ సంతకం కూడా పెట్టొద్దు. దర్శకుడు నగేష్ కుకునూర్ అట్లాంటాలో ఇంజనీరుగా సంపాదించుకున్న సొంత డబ్బుతో 1998లో మొదటి సినిమా తీశాడు, ఇంకొకరి పొలం అమ్మించలేదు. ఇక మన చిత్తూరు నాగయ్య గారు ఉన్నారు కదా, పుట్టింది ఇక్కడ కాకపోయినా నాటకాల పుణ్యమా అని చిత్తూరు పేరు ఇంటిపేరు మాదిరి అంటించుకున్న పాతకాలం నటుడాయన, అంత పేరు, పద్మశ్రీ, అన్నీ వచ్చినా సొంత సినిమాల నష్టాలతో, అడిగినవాళ్ళకల్లా ఇచ్చిన చేతితో చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది పడ్డారు. మీరు తిరిగి రాకపోయినా నిద్ర పట్టే మొత్తం ఎంతో మీ ఆయనా మీరూ రాత్రి కూర్చుని తేల్చుకోండి, మూడు లక్షలో ఐదో. అది ఇచ్చేసి మరిచిపోండి. మిగతాది వాడి దాచుకున్న డబ్బు, వాడి స్నేహితులు, వాడి తిప్పలు. షూటింగ్ ఇక్కడ పెట్టుకుంటే మాత్రం అమెరికా పౌరుడు కాబట్టి అనుమతులు ముందే కనుక్కోమనండి, కొండ మీద డ్రోన్ ఎగరేసే సరదా అసలే వద్దనండి.

(మా పెదనాన్న కొడుకు 1979లో సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయి కోడంబాక్కంలో రెండేళ్ళు సినిమాల్లో అసిస్టెంటుగా తిరిగి ఇంటికొచ్చేశాడు. తర్వాత నలభై ఏళ్ళు అంగడి నడిపాడు, బాగా సంపాదించాడు. ఏ పెళ్ళిలో కూర్చోబెట్టినా ఆ రెండేళ్ళ గురించే మాట్లాడతాడు.)

ఇప్పుడు డబ్బాలు. కథ మీది. మిమ్మల్ని అడక్కుండా రాయడం వాడి తప్పు, ఆ మాట మెత్తగా కాకుండా గట్టిగానే చెప్పండి. స్క్రిప్ట్ చదివి వినిపించమనండి. పేర్లు మార్చమనండి, ఊరు మార్చమనండి, అత్తగారి మాటలు ఏవైనా ఉంటే తీసేయమనండి, ఆ హక్కు మీకుంది. అప్పటి మీ వీసాకి పని చేసే అనుమతి లేదని భయముంటే ఒక లాయర్‌ని అడిగి తేల్చుకోండి, అది నేను చెప్పేది కాదు. కానీ డబ్బాలే ఉండొద్దని మాత్రం అడగొద్దు. అప్పుడు వాడికి రెండు మూడేళ్ళు. ఉల్లిపాయల వాసన, వరసగా పేర్చిన డబ్బాలు, వంటింట్లో నిలబడ్డ అమ్మ, వాడికి గుర్తున్న మొట్టమొదటి ఇల్లు అదే కావచ్చు. మీరు సిగ్గుపడి దాచిన దాన్ని వాడు ఇరవై నాలుగేళ్ళుగా ఇంకోలా దాచుకున్నాడు. చుంగ్ కూడా 'మినారి'ని అమ్మానాన్నలకు చూపించడానికి భయపడ్డాడట.

ఆడబిడ్డల విషయం. తెర మీద చూసి తెలుసుకునే కన్నా మీ నోటితో వినడమే మేలు. ఈసారి అందరూ కలిసినప్పుడు, పెద్దగా పీఠిక వేయకుండా, ఊరిబిండి నూరుతూ మాటల్లో మాటగా చెప్పేయండి: అన్నకు జీతం రాని రోజుల్లో ఎనిమిది నెలలు నేనే ఇల్లు నడిపినానమ్మా అని. ఒకరిద్దరు మూతి తిప్పుతారు. తిప్పనివ్వండి. ఎవరో ఒకరు మాత్రం తన సంగతి ఒకటి బయటపెడుతుంది, నాకు తెలిసి ఏ ఇంట్లోనూ ఇది తప్పలేదు.

ఈలోపు వాడికి ఫోన్ చేసి, మూతలు ఏ రంగువో చెప్పండి.